తాడు కట్టిన దారి

చైత్రం వచ్చిందని నర్సీపట్నంలో నాకు ముందు చెప్పేది క్యాలెండర్ కాదు, జీడిమామిడి పళ్ల వాసన. తింటే గొంతు పట్టేస్తుంది, రసం పడితే చొక్కా మీద మరక పోదు. అయినా చిన్నప్పుడు ఉప్పద్దుకుని తినేవాళ్లం. రైతు చూపు మాత్రం కింద వేలాడే పిక్క మీదే.

నిన్న బండి మీద చింతపల్లి వైపు ఘాట్ రోడ్డెక్కాను. ఓ ఊరి ముందు దారికి అడ్డంగా తాడు, పాటలు పాడుతూ ఆడవాళ్లు. అప్పుడు గుర్తొచ్చింది, ఇటుకల పండగ! మన్యంలో ఈ పండక్కి మగవాళ్లు వేటకెళ్తారు, ఆడవాళ్లు దారి కాస్తారు. పది రూపాయలు చేతిలో పెడితే ఓ పెద్దావిడ నవ్వి, "ఎల్లిరా బాబూ" అని తాడు దించింది.

ఈ పండగలో మన్యం వాళ్లు విత్తనాలకు పూజ చేశాకే పొలంలో చల్లుతారు. కింద మనం ఉగాది నాడు గుడి అరుగు మీద కూర్చుని పంచాంగం వింటాం. కొండ మీదైనా కిందైనా అడిగేది ఒక్కటే: ఈ ఏడు వానలెలా ఉంటాయి?

తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే తాడు. మళ్లీ పది. ఈసారి నేనే ముందు నవ్వాను.