మార్చిలో కప్పలు

న్యూజెర్సీలో మార్చి నెలాఖరు. చెట్లకి ఇంకా ఆకు లేదు. అయినా పొద్దు వాలేసరికి మా వీధి చివరి చిత్తడినేలలో కప్పలు మొదలెడతాయి. అంగుళం అటూఇటూ ఉంటుంది ఒక్కోటి. గొంతు కింద సంచి బుడగలా ఉబ్బించి సన్నగా ఈల వేస్తుంది. చలికాలమంతా రాలిన ఆకుల కింద ఒళ్లు సగం గడ్డకట్టి బతికిన ప్రాణి అది! వందలు కలిస్తే కిటికీ మూసినా వినబడతాయి.

"అమ్మా, ఇక్కడ కప్పలు అరుస్తున్నాయే" అంటే, అమలాపురం నుంచి అమ్మ "వానొస్తుందేమో, ఆరేసిన బట్టలు తీసెయ్యి నాన్నా" అంది. మా కోనసీమలో కప్పలంటే తొలకరే మరి.

అక్కడ వసంతం కోయిలది. ఫాల్గుణం వెళ్లేలోపే మామిడితోటలో గొంతు సవరించుకుంటుంది. ఆ కూత నల్లటి మగపిట్టది. చుక్కల ఆడపిట్ట కాకిగూట్లో గుడ్డు పెట్టి తన దారిన పోతుంది. దాళ్వా కోతలయ్యి, ధవళేశ్వరం నుంచి కాలువలు కట్టేశాక, లాకుల దగ్గర నీటిహోరు ఉండదు కదా, అప్పుడు దాని కూత మరీ దూరం పోతుంది. చిన్నప్పుడు మేం "కూ" అంటే అది పట్టుదలకి పోయి స్థాయి పెంచేది. మేమూ పెంచేవాళ్లం, గొంతు పోయేదాకా.