17 మైళ్ల పగ

నవంబరు నెలాఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగకి అమెరికాలో చాలామంది సొంతూళ్లకి ప్రయాణమవుతారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈస్టన్, బెత్లెహేమ్‌లలో చదువుకుని వెళ్లినవాళ్లలో కొందరు మాత్రం ఐదు రోజులు ముందే దిగిపోతారు. ఆ ముందు శనివారం లీహై, లాఫయెట్ కాలేజీల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటుంది మరి! సీజన్లో మిగతావన్నీ ఓడినా ఈ ఒక్కటి గెలిస్తే చాలు. అన్నీ గెలిచి ఇది పోగొట్టుకుంటే ఏడాదంతా తలెత్తుకోలేరు. 1884లో మొదలైన ఈ తగువు 2024 నాటికి 160 ఆటలకు చేరింది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో మరే రెండు జట్లూ ఇన్నిసార్లు తలపడలేదు. దీనికి ప్రత్యేకంగా పేరంటూ లేదు. 'ది రైవల్రీ' అంటారంతే. ఏ రైవల్రీ అని అడిగారంటే మీరు ఆ చుట్టుపక్కలవాళ్లు కాదని తెలిసిపోతుంది.

ఫుట్‌బాల్ అంటే మనకి తెలిసింది కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తడం, దూరంగా ఉన్నవాడికి విసరడం, అడ్డొచ్చినవాణ్ని గుద్దుకుంటూ వెళ్లడం... నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్తే ఆట మళ్లీ మీదే. లేకపోతే అవతలివాళ్లది. కాలితో తన్నే పని ఎప్పుడోగానీ రాదు. ఇంతవరకు తెలిస్తే గ్యాలరీలో కూర్చోవడానికి చాలు. మిగతాది పక్కనున్నాయన చెబుతాడు, మీరు అడక్కపోయినా!

న్యూజెర్సీలో బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడి తెలియని అమెరికా తెలుగువాళ్లు అరుదు. అక్కడినుంచి 78వ నంబరు హైవే మీద పడమరకి ఇంకో ముప్పావుగంట వెళ్తే డెలావేర్ నది వస్తుంది. అది దాటితే ఈస్టన్. లీహై నది వచ్చి డెలావేర్‌లో కలిసేది ఇక్కడే. ఊరి నడిబొడ్డున ఉన్న కూడలిలో 1776 జులై 8న అమెరికా స్వాతంత్ర్య ప్రకటనని జనం ముందు బిగ్గరగా చదివారు. ఆ కూడలికి పైన కొండమీద లాఫయెట్ కాలేజీ. స్వాతంత్ర్య పోరాటంలో అమెరికన్ల పక్షాన నిలిచిన ఫ్రెంచి సేనాని పేరు పెట్టి 1826లో స్థాపించారు. చదివేవాళ్లు మూడు వేలమంది కూడా ఉండరు.

బెత్లెహేమ్‌ది మరో కథ. 1741లో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖవాళ్లు క్రిస్మస్ ముందురోజు రాత్రి ఊరికి ఆ పేరు పెట్టారు. వాళ్లు కట్టుకున్న రాతి ఇళ్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 2024 జులైలో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అన్నట్టు ఆ నిర్ణయం జరిగింది మన ఢిల్లీలోనే... ఆ ఏడాది కమిటీ సమావేశాలకి ఆతిథ్యమిచ్చింది మనమే. నది దాటి దక్షిణం వైపు వెళ్తే ఆ ప్రశాంతతంతా పోతుంది. తుప్పుపట్టిన ఐదు బ్లాస్ట్ ఫర్నేసులు ఆకాశంలోకి లేచి నిలబడి ఉంటాయి. ఒక్కోటీ 230 అడుగుల ఎత్తు. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెనకి ఉక్కు సరఫరా చేసిన బెత్లెహేమ్ స్టీల్ కంపెనీ ఇదే. 1995లో ఇక్కడ ఉక్కు తయారీ ఆగింది. 2001లో కంపెనీ దివాలా తీసింది. ఇప్పుడు ఆ ఫర్నేసుల కిందే సంగీత కచేరీలు జరుగుతుంటాయి. సాయంత్రం రంగురంగుల లైట్లు వేస్తారు.

ఆ కర్మాగారానికి ఎదురుగా కొండవాలున ఉంది లీహై విశ్వవిద్యాలయం. రైల్వేల్లో డబ్బు సంపాదించిన ఏసా ప్యాకర్ 1865లో పెట్టాడు. జట్టు పేరు ఒకప్పుడు 'ఇంజినీర్స్'. 1995లో 'మౌంటెన్ హాక్స్' అని మార్చారు. ఉక్కు ఆగిన ఏడాదే ఇంజినీర్లూ పోయారన్నమాట! లాఫయెట్‌వాళ్లు 'లెపర్డ్స్'. వీళ్లది ముదురెరుపు, వాళ్లది గోధుమరంగు. రెండు కాలేజీల మధ్య దూరం 17 మైళ్లు.

మ్యాచ్ రోజు ఉదయం నుంచే పార్కింగ్ స్థలాల్లో హడావుడి మొదలవుతుంది. కార్ల డిక్కీలు తెరుచుకుంటాయి. మడత కుర్చీలు, బొగ్గుల పొయ్యిలు, ఫ్లాస్కులు బయటికొస్తాయి. చలికి ముక్కులు ఎర్రబడ్డ తాతలు మనవలకి తాము చదివిన రోజుల కథలు చెబుతుంటారు. ఒకప్పుడు గోల్‌పోస్టులు చెక్కవి. ఆట ముగియగానే కుర్రాళ్లు మైదానంలోకి దూకి వాటిని పీకి, ముక్కలు చేసి ఎత్తుకుపోయేవాళ్లు. ఇక గెలిచిన జట్టుకి ఇచ్చేందుకు కప్పులు, షీల్డులు ఏమీ లేవు. అలాంటివి ఇవ్వడం అలవాటు కాకముందే మొదలైన పోటీ ఇది. గెలిచినవాళ్లు ఆడిన బంతిని అట్టిపెట్టుకుని దానిమీద స్కోరు రాయించుకునేవారు.

ఇంత పాత పోటీలో మొదలైనప్పటినుంచీ ఒక్కటంటే ఒక్క సీజన్లో ఆట లేదు. అది 1896. వాననో జ్వరాలనో ఆగిపోలేదు. లాఫయెట్ జట్టులో జార్జ్ బార్క్లే అని మెరుపులాంటి ఆటగాడు ఉండేవాడు. చెవులు కాపాడుకోవడానికి తలకి తోలు పట్టీలు కట్టుకుని ఆడేవాడు. హెల్మెట్‌కి అదే తొలిరూపమని చెబుతారు. అతను డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడనీ, అలాంటివాడు కాలేజీ జట్టుకి పనికిరాడనీ లీహై పట్టుబట్టింది. లాఫయెట్ దిగిరాలేదు. లీహై ఆడనంది.

అదే ఏడాది, అదే లాఫయెట్‌లో ఇంకో విడ్డూరం జరిగింది. అక్టోబరులో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం జట్టు లాఫయెట్‌తో వరసగా మూడు ఆటలాడి మూడూ ఓడిపోయింది. ఆ ఓడిన జట్టులో ఫీల్డింగ్ యోస్ట్ అనే పాతికేళ్ల లా విద్యార్థి ఉన్నాడు. భారీ మనిషి. కొద్దిరోజులకే చూస్తే అతను లాఫయెట్ జెర్సీ వేసుకుని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం మీద ఆడుతున్నాడు! ముప్పైకి పైగా ఆటలు వరసగా గెలిచి ఊపుమీదున్న ఆ పెద్ద జట్టుని లాఫయెట్ 6-4 తేడాతో ఓడించింది. పెద్ద గొడవైంది. లేదు లేదు, నేను ఇక్కడే మూడేళ్లు చదువుకుంటానని యోస్ట్ అందరికీ నచ్చజెప్పాడు. కానీ మళ్లీ వెస్ట్ వర్జీనియాకే వెళ్లి లా పట్టా పుచ్చుకున్నాడు. లాఫయెట్‌కి అతను ఆడింది ఆ ఒక్క ఆటే.

కాలేజీ ఆటలు ఈమధ్యే పాడైపోయాయని బాధపడేవాళ్లు ఈ 1896 సంగతి ఒకసారి తలుచుకోవాలి. డబ్బు తీసుకున్న ఆటగాడు, ఆటకోసమే కాలేజీ మారిన ఆటగాడు... ఇద్దరూ అప్పుడే, ఒకే జట్టులో ఉన్నారు.

యోస్ట్ కథ అక్కడితో ఆగలేదు. తర్వాతి నాలుగేళ్లలో నాలుగు కాలేజీలకి కోచ్‌గా పనిచేశాడు. ఏడాదికొకటి. ఆటగాడు ఒక్కసారి మారితే గొడవ చేసిన లోకం, కోచ్ ఏటా మారుతుంటే ఏమీ అనలేదు. 1901లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో కుదురుకున్నాడు. 1927లో అక్కడ యాన్ ఆర్బర్‌లో పెద్ద స్టేడియం కట్టించాడు. మొదట సీట్లు 72 వేలే అయినా, ఎప్పటికైనా లక్షమంది కూర్చునేలా పెంచుకోవాలని పునాదుల్లోనే ఏర్పాటు చేయించాడు. ఇప్పుడు దాని సామర్థ్యం 1,07,601. మన ఉప్పల్ క్రికెట్ స్టేడియం లాంటివి రెండు కలిపినా సరిపోవు. చివర్న ఆ 'ఒకటి' ఏమిటంటారా? ఫ్రిట్జ్ క్రిస్లర్ అని తర్వాతి కాలపు క్రీడాధికారి గౌరవార్థం ఉంచిన సీటట. ఎక్కడుందో ఎవరికీ చెప్పరు.

ఇలాంటి పెద్ద స్టేడియాలకీ చిన్న కాలేజీలకీ మధ్య ఒక బేరం నడుస్తుంటుంది. సీజన్ మొదట్లో పెద్దవాళ్లు చిన్న జట్టుని పిలుస్తారు. ఇంత అని డబ్బిస్తారు. చిన్న జట్టు వచ్చి, లక్షమంది ముందు ఓడి, చెక్కు తీసుకుని వెళ్తుంది. దాంతో చిన్న కాలేజీలో ఏడాది ఖర్చులు కొంతవరకు గడుస్తాయి. 2007 సెప్టెంబరు 1న నార్త్ కరోలినా కొండల్లోని అపలాచియన్ స్టేట్ అలాగే నాలుగు లక్షల డాలర్లకు యోస్ట్ కట్టించిన స్టేడియానికి వెళ్లింది. మిషిగన్‌కి అప్పుడు దేశంలో ఐదో ర్యాంకు. ఫలితం... 34-32 తేడాతో అపలాచియన్‌ది గెలుపు! చివరి క్షణాల్లో మిషిగన్ తన్నిన బంతిని గాల్లోనే అడ్డుకున్నారు. చెక్కూ తీసుకున్నారు, మ్యాచూ తీసుకున్నారు. ఆ సాయంత్రం వాళ్ల ఊరు బూన్‌లో విద్యార్థులు తమ మైదానంలోని గోల్‌పోస్టు పీకి మోసుకెళ్లి కాలేజీ పెద్దాయన ఇంటిముందు పడేశారు.

ఇప్పుడైతే పెద్ద కాలేజీలు జట్టుని పిలవక్కర్లేదు, నచ్చిన కుర్రాణ్ని తీసుకుంటే సరిపోతుంది. 2018 అక్టోబరులో 'ట్రాన్స్‌ఫర్ పోర్టల్' వచ్చింది. కాలేజీ మారదలచిన ఆటగాడు పేరు నమోదు చేసుకుంటే కావలసినవాళ్లు పిలుస్తారు. అంతకుముందు పెద్ద కాలేజీకి మారిన ఫుట్‌బాల్ ఆటగాడు మామూలుగా ఏడాదిపాటు ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది. 2021లో ఆ అడ్డు ఒక్కసారికి తొలగించారు. 2024 నుంచి చదువు సరిగ్గా సాగుతున్నంతకాలం ఎన్నిసార్లయినా మారొచ్చు. పైగా 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరుతో ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే నేరుగా చెల్లించే వీలొచ్చింది. ఆ మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ గరిష్ఠ పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

కామ్ వార్డ్ సంగతే చూడండి. స్కూలు చదువు ముగించేనాటికి అతన్ని ఏ పెద్ద కాలేజీ పట్టించుకోలేదు. శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న విశ్వవిద్యాలయం తీసుకుంది. బాగా ఆడాడు. వాషింగ్టన్ స్టేట్‌కి మారాడు. అక్కడినుంచి 2024లో మయామీకి. 2025లో దేశంలోని కాలేజీ కుర్రాళ్లందరిలో మొట్టమొదట అతన్నే ప్రొఫెషనల్ జట్టు ఎంచుకుంది. ఆ కుర్రాణ్ని తప్పుపట్టడానికి నాకు మాటలు రావు. మంచి ఉద్యోగమొస్తే మారని వాళ్లు మనలో ఎందరు? కానీ మొదట నమ్మి నేర్పింది చిన్న కాలేజీ. పంట కోతకొచ్చేసరికి చేను వేరేవాళ్లదవుతోంది. ఆ బాధా అబద్ధం కాదు.

లీహై, లాఫయెట్ ఈ విషయంలో ఎప్పుడూ కాస్త వెనకే నడిచాయి. వాళ్ల పేట్రియట్ లీగ్‌లో ఫుట్‌బాల్ ఆడినందుకు స్కాలర్‌షిప్ ఇవ్వడమే 2013 సీజన్లో మొదలైంది. అంతకుముందు కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం చేసేవారు. ఆట కోసం ఫీజు మాఫీ చేస్తే చదువు పలచబడుతుందని భయం. ఆ భయం వల్ల మంచి ఆటగాళ్లని పోగొట్టుకున్నారనే వాళ్లూ ఉన్నారు. కాదనలేం.

పెద్ద స్టేడియం పిలుపుని ఈస్టన్ ఒకసారి కాదన్న ఘట్టమూ ఉంది. 1948 నవంబరులో లాఫయెట్‌కి టెక్సాస్‌లోని ఎల్ పాసో నుంచి సన్ బౌల్ ఆడమని ఆహ్వానం వచ్చింది. అంతటి చిన్న కాలేజీకి అది మామూలు గౌరవం కాదు. కానీ జట్టులో డేవిడ్ షోవెల్ అనే నల్లజాతి ఆటగాడు ఉన్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. అతన్ని అక్కడ ఆడనివ్వరు. అధ్యాపకులు వద్దని తీర్మానించారు. కారణం తెలిశాక విద్యార్థులు ఈస్టన్ వీధుల్లో ఊరేగింపు తీసి, అధ్యక్షుడు ట్రూమన్‌కి టెలిగ్రామ్ కొట్టారు. సన్ బౌల్ వాళ్లు మారలేదు. లాఫయెట్ వెళ్లలేదు. బదులుగా వెళ్లింది ఎవరనుకున్నారు? యోస్ట్ పాత కాలేజీ, వెస్ట్ వర్జీనియా!

ఈ రెండు జట్లూ కలిసి పెద్ద స్టేడియానికి వెళ్లింది 2014 నవంబరు 22న. 150వ ఆట. లీహై మైదానంలో 16 వేలు, లాఫయెట్‌ దాంట్లో 13 వేలమందే పడతారు. అందుకని న్యూయార్క్‌లో యాంకీ స్టేడియం తీసుకున్నారు. 48,256 మంది వచ్చారు. లాఫయెట్ కుర్రాడు రాస్ షూయర్‌మన్ ఒక్కడే 304 గజాలు పరుగెత్తాడు. 27-7తో లాఫయెట్ గెలిచింది. మర్నాడు ఎవరి ఊరు వాళ్లు వచ్చేశారు. 2015లో మళ్లీ ఈస్టన్‌లో, పాత పార్కింగ్ స్థలాల్లో, అవే డిక్కీలు. 2020లో కోవిడ్ వల్ల శీతాకాలం ఆట ఆగితే 2021 ఏప్రిల్లో పెట్టుకున్నారు. ఆ నవంబరులో మళ్లీ మామూలుగా ఇంకోటి ఆడేశారు.

మ్యాచ్‌కి వెళ్లాలనుకుంటే టికెట్లు ముందే కొనుక్కోండి. చలికోట్లు మరచిపోవద్దు. ఆట అర్థంకాక పిల్లలు విసుక్కుంటే ఈస్టన్ కూడలికి తీసుకెళ్లండి. అమెరికా పిల్లలందరి చేతుల్లో ఉండే క్రేయోలా రంగు బత్తీలు ఈ ఊరివే. అక్కడ ఆ కంపెనీ వాళ్ల పెద్ద ఆటల ఇల్లుంది. లోపలికి వెళ్లిన పిల్లల్ని బయటికి తేవడమే కష్టం.