ఇంటిబండిలో సరిహద్దు దాటుట



నాచారములో మా యింటి పెరటియందు ఒక కరివేప చెట్టు కలదు. మా అత్తగారు కాపురమునకు వచ్చిన యేడాది దానిని నాటిరట. అప్పటికి నాచారమునకును ఉప్పల్‌నకును నడుమ పొలములే యెక్కువగా నుండెడివని వారు చెప్పుదురు. ఇప్పుడు ఉప్పల్ కూడలిలో నిలిచినచో ఒక ప్రక్క వరంగల్లునకును యాదగిరిగుట్టకును పోవు బస్సులు, తలపైన 2017 నవంబరు మొదలు నడచుచున్న మెట్రో రైలు, చుట్టును జనసముద్రము. ఇంత మార్పులోను మా చెట్టు మాత్రము కదలలేదు. వీధిలో సగమిండ్ల చారునకు రెమ్మ మా పెరటినుండియే పోవును.

ఈ కరివేప రెమ్మకును అమెరికా కెనడా దేశముల సరిహద్దునకును సంబంధమేమని మీరడుగవచ్చును. 2023 వేసవి సెలవులలో ఆ సంబంధము మాకు తెలియవచ్చినది. అందులో మా తప్పును కొంత యున్నది గనుక దాచక వ్రాయుచున్నాము.

మావారు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. బడిపంతులు జీతముతో అమెరికా పోవుట కలలోని మాట. మా మరిది సియాటిల్ నగర ప్రాంతమున ఉద్యోగము చేయుచున్నాడు. తోడికోడలికి అయిదవ నెల వచ్చినదనియు, ఇంటివారెవరైన కొన్నాళ్లు వచ్చియున్న బాగుండుననియు వ్రాసి, టిక్కెట్లు తానే పంపెను. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. కావున వారికి మారుగా మేము బయలుదేరితిమి. వారు రాలేకపోయినను వారి చేతివంట మాతో రావలెనని పట్టుబట్టిరి.

మే నెలలో ఉప్పల్ మార్కెట్టు త్రోవను పోయిన వారికి ఆ సందడి తెలియును. మామిడికాయలు కొట్టువారు బారులుగా కూర్చుండి, ఒక్క వ్రేటునకు టెంకతో సహా కాయను చీల్చుచుందురు. జీడి తీసి, ముక్క తుడిచి, గుడ్డపై ఆరబోయుట మన పని. అత్తగారు పీటపై కూర్చుండి ఆవపిండి, కారము, ఉప్పు కొలిచి కలిపించిరి. మూడవనాడు తిరుగగలిపి, నూనె పైకి తేలినదో లేదో తామే చూచిరి. ఆపైన గోంగూర పచ్చడి, కందిపొడి, అప్పడములు, వడియములు. చిన్నకోడలికి మన బియ్యమే హితమని అయిదు కిలోల సోనా మసూరి కూడ మూటగట్టించిరి.

మావారు కాగితము కలము తీసి ఒక్కొక్కదానిని వ్రాయసాగిరి.

"ఎందుకు నాయనా ఆ వ్రాత?" అని అత్తగారడిగిరి.

"అక్కడ దిగగానే తినుబండారము లేమున్నను చెప్పవలెనమ్మా. చెప్పకున్న 300 డాలర్లు మొదలుకొని జరిమానా."

"చెప్పనేల? చీరల మడతలలో పెట్టుకొనిన నెవరు చూతురు? మా అమ్మ అట్లే తెచ్చెను."

ఆ కథ మా యింట ప్రసిద్ధము. 1948 వరకు ఈ హైదరాబాదు నిజాము రాజ్యముగా నుండెను గదా. రాజ్యమునకు వేరు నాణెము, వేరు సుంకము. ఆ సుంకపు శాఖకు కరోడ్‌గిరీ యని పేరు. అత్తగారి తల్లి కృష్ణా మండలమునుండి కొత్త పెండ్లికూతురుగా రైలులో వచ్చుచు, సరిహద్దున పెట్టె విప్పింతురని విని, పుట్టింటివారిచ్చిన సున్నుండలను పెండ్లిపట్టుచీర మడతలో దాచెనట. సుంకమువారు ఆమె పెట్టెవంకకే రాలేదు. నేయి మాత్రము చీరకెక్కెను. ఆ మరక నేటికిని పోలేదు; చీర మా పెట్టెలోనే యున్నది. దాచిన పిండివంట దొరకలేదని అత్తగారు గర్వముతో చెప్పుదురు. చీర పోయినదని మావారు నవ్వుదురు.

బియ్యపు మూట మొదట బయటికి వచ్చెను. ఖప్రా యను ఒక చిన్న ధాన్యపు పురుగు మన దేశమున కలదు. దాని పిల్లపురుగు గోడ పగుళ్లలోను గోనెల కుట్లలోను దూరి, తిండిలేకయే యేండ్ల తరబడి బ్రదుకగలదట. 1953లో అది కాలిఫోర్నియా ధాన్యపు కొట్లలో కనబడగా, నిర్మూలించుటకు పది సంవత్సరములకు పైగా పట్టినది. అందువలన 2011 మొదలు ప్రయాణికులు మన బియ్యమును అమెరికాకు తీసికొనిపోరాదు. అత్తగారు అడుగగా అడుగగా ఈ మాట విని, "పురుగు పట్టిన బియ్యము మాయింట నుండునా?" అని చిన్నబుచ్చుకొనిరి. చివరకు పెట్టె మూయునప్పుడు పెరటిలోనుండి ఒక పెద్ద కరివేప కొమ్మను త్రెంచి తెచ్చి మాచేతికిచ్చిరి. మావారు తల అడ్డముగా త్రిప్పిరి. కొమ్మను దేవుని గూటిలో పెట్టి వచ్చితిమి.

సియాటిల్ విమానాశ్రయమున వ్రాసికొనిన పట్టికను చదివితిమి. అధికారి ఆవకాయ సీసాను వెలుతురునకెత్తి చూచి, నవ్వి, తిరిగి యిచ్చెను. ఇంత సులువాయెను గదాయని మేము ధైర్యము తెచ్చుకొంటిమి. ఆ ధైర్యమే తరువాత మమ్ము చెరచినది.

జూను మొదటి వారమున మరిది ఒక వింత వాహనమును అద్దెకు తెచ్చెను. అక్కడివారు దానిని ఆర్.వి. యందురు, మేము ఇంటిబండి యంటిమి. లోపల రెండు పొయ్యిలు, ఫ్రిజ్జు, గిన్నెలు కడుగు తొట్టి, స్నానపు గది, రాత్రికి పడకలగు బల్లలు. బండి మలుపు తిరిగినపుడెల్ల అరలలో గిన్నెలు మ్రోగును. ప్రవరాఖ్యుడు పాదలేపమొకటి పూసికొని హిమగిరికి పోయెను. మూటాముల్లె లేదు, సుంకపుచావడి లేదు. మేమో అయిదుగురము, వారమునకు సరిపడు వంటసామగ్రితో కెనడాకు బయలుదేరితిమి. అయిదవది మరిది కూతురు, ఆరేండ్ల పిల్ల. దాని ప్రశ్నలకు మావారే గురువు. తోడికోడలు తన యింటిలో కుండీయందు పెంచుకొనుచున్న కరివేప మొక్కనుండి నాలుగు రెమ్మలు త్రుంచి, తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్జులో పెట్టెను. డజను నిమ్మకాయలును పెట్టితిమి. చలిమంటకని మరిది కొన్న కట్టెలను సరిహద్దునకు ముందే ఒక విడిదియందు విడిచిపెట్టితిమి. ఎండిన కట్టెలోను పురుగులు దాగియుండునని వాటినిగూడ దాటనియ్యరు.

సియాటిల్‌నుండి సరిహద్దు సుమారు 180 కిలోమీటర్లు. సముద్రపుటంచున బ్లెయిన్ అను చిన్న యూరు దాటగానే పచ్చిక నడుమ ఒక తెల్లని తోరణము కనబడును. 1921లో కట్టిన శాంతితోరణమది. దాని కాలొకటి అమెరికాలోను, రెండవది కెనడాలోను. పిల్ల దానిని చూచి, "పెద్దమ్మా, నడుమ నిలుచున్న నేనే దేశపుదాననగుదును?" అని యడిగెను. మేము మావారివంక చూచితిమి. వారును చెప్పలేకపోయిరి.

కెనడా అధికారి పాస్‌పోర్టులు చూచి, తిండివస్తువుల పేర్లు విని, పొమ్మనెను. ఆ వారము రోజులు తిరిగిన కొండలు, సరస్సులు వర్ణింపబూనిన వేరొక వ్యాసమగును. ఒక్క మాట మాత్రము చెప్పెదము. హిమశిఖరముల నీడలో, బండి తలుపు తీసి, వేడి చారన్నములో ఆవకాయ నంజుకొనిన ఆ రుచి మరల రాదు. తోడికోడలికి ఏమియు సయింపని దినములవి. నిమ్మకాయ పులిహోర, కరివేపాకు చారు మాత్రమే లోనికి పోయెడివి.

తిరుగుదారిలో సర్రీ పట్టణమున ఆగితిమి. పంజాబీ సోదరుల అంగళ్లు వీధుల పొడవునను కలవు. ఒకచోట బంగినపల్లి పండ్లు! తోడికోడలు పండును ముక్కు కానించుకొని కన్నులు మూసికొనెను. నాలుగేండ్లుగా ఆ వాసన చూడలేదట. ఆరు పండ్లు కొని, నాలుగు అక్కడనే తింటిమి. రెండింటిని ఆమె, "అక్కా, రేపటికి దాచుము" అని ఇచ్చెను. దాచితిమి.

సరిహద్దున బండ్ల వరుసలో నిలిచినపుడు మావారు పట్టికను చదువ మొదలిడిరి. మామిడిపండ్లు, నిమ్మకాయలు, కరివేపాకు. అప్పుడు మరిది నొసలు ముడిచి, కెనడాలో పండిన పండ్లకైనచో చీటీ యుండిన చిక్కు లేదనియు, అక్కడ కొన్నంత మాత్రమున చాలదనియు, మామిడి, నిమ్మ కెనడా పంటలు కావని అందరికిని తెలియుననియు చెప్పెను. మేము తోడికోడలి ముఖము చూచితిమి. చూచి, నోరు జారితిమి.

"బియ్యపు డబ్బాలో పెట్టినచో ఎవరు చూతురు?"

అన్న మరుక్షణమే అది అత్తగారి మాటయని తెలిసినది. మావారు కోపపడలేదు. పిల్లవంక చూచి ఊరకుండిరి. అది కన్నులు పెద్దవి చేసికొని మా మాట వినుచుండెను. మరిది యుద్యోగము పరదేశపు అనుమతిపై నున్నది. అబద్ధము బయటపడిన దాని ఫల మెంతవరకు పోవునో చెప్పలేము. మా చేయి డబ్బా మూతపై నుండి వెనుకకు వచ్చినది.

అధికారిణి కిటికీయొద్ద అడుగగా మావారు మూడు పేర్లును చెప్పిరి. ఆమె బండిని ప్రక్కకు పెట్టించి, లోనికెక్కి, ఫ్రిజ్జు తెరచెను. పండ్లు తీసెను. నిమ్మకాయలు తీసెను. "ఇవి అమెరికాలో కొన్నవే" అని మరిది యనెను, చీటీ యేదీ? ఎక్కడ పండినవో ఋజువు లేదు. పిమ్మట తడిగుడ్డ విప్పి కరివేప రెమ్మలను చూచి, వాటిని వేరొక సంచిలో వేసి మూతి బిగించెను. పండ్లకంటె ఆకునకే ఆమె ఎక్కువ జాగ్రత్త చూపుట మాకు వింతగా తోచినది. మావారడుగగా ఓపికతో చెప్పెను.

కరివేప, నిమ్మ, నారింజ, మారేడు, వెలగ ఇవన్నియు ఒకే కుటుంబపు చెట్లట. కరివేప లేతాకులపై ఆవగింజంత పురుగొకటి వ్రాలి రసము పీల్చును. మన వంటలకు దానివలన చెరుపు లేదు. నారింజపైకి పోయినచో సిట్రస్ గ్రీనింగ్ అను తెగులును మోసికొనిపోవును. కాయ పచ్చగానే యుండి చేదెక్కును, చెట్టు కొన్ని యేండ్లలో చచ్చును, మందు లేదు. 2005లో ఆ తెగులు ఫ్లోరిడాలో బయటపడి, అక్కడి నారింజతోటలలో పెక్కింటిని నేలమట్టము చేసినది. మన మామిడిపండు కథయు ఇట్టిదే. 1989 మొదలు పదునెనిమిదేండ్లు అమెరికా దానిని రానియ్యలేదు. 2007లో, పురుగులు వృద్ధిచెందకుండునట్లు కిరణములతో శుద్ధిచేసిన పండ్లను మాత్రము వర్తకులు పంపుటకు ఒప్పుకొనిరి.

జరిమానా లేదు. చెప్పినవారికి వస్తువు పోవునే గాని దండన లేదు. ఆవకాయ సీసా మరల మా అరలోనికి వచ్చెను. తోడికోడలు మాత్రము బండి కదలినంతసేపు కిటికీవంక తిరిగి యుండెను. తరువాత కన్నులు తుడుచుకొని, "వరుసలో నిలువకముందే తినియుండవలసినది, అక్కా" అనెను. నిజమే. ఇంటిబండిలో పోవు సోదరీమణులు దీనిని గుర్తుంచుకొనవలెను: సరిహద్దునకు ముందటి భోజనములో పచ్చివన్నియు ముగియునట్లు వంట లెక్క వేసికొనుడు. కొన్న పండ్ల చీటీలు చింపకుడు. పట్టిక ఒకరి చేతనే యుండవలెను.

తిరిగి వచ్చిన తరువాతను మా మనస్సున కొంత రోషము మిగిలియే యుండెను. మన పెరటి ఆకును దొంగను చూచినట్లు చూచిరే యని. తొలకరి వానలు పడినవి. ఒక సాయంకాలము మావారితో ఉప్పల్ భగాయత్ వైపు నడచుచుండగా, ఖాళీ స్థలములనిండ తెల్లని చిన్నపూలతో వయ్యారిభామ మొక్క నడుమెత్తు పెరిగియుండెను. దాని గాలికి మావారికి తుమ్ములు పట్టును; మా వీధిలో పిల్లల చర్మముపై దద్దురులు లేచును. ఆ మొక్క మన దేశపుది కాదు. 1950 దశకమున పుణె ప్రాంతమున మొదట గుర్తింపబడినది. దిగుమతియైన గోధుమలతో వచ్చెనని చెప్పుదురు. చెఱువుగట్లు, పొలములు, రైలుకట్టలు అన్నియు ఇప్పుడు దానివే. చెడుపు చేయు పురుగులు, తెగుళ్లు రాకుండ మన దేశమునను 1914లోనే చట్టము చేసిరని మావారు చెప్పిరి. ఒక్క గింజకు త్రోవ చిక్కుట చాలును గదా. మేము మారుపలుకలేదు.

ఆ రాత్రి అత్తగారికి మామిడిపండ్ల కథ చెప్పితిమి, బియ్యపు డబ్బా మాటతో సహా. వారు చాలసేపు మాటాడలేదు. "పిల్ల విన్నదా?" అని మాత్రమడిగిరి. విన్నదంటిమి.

ఆశ్వయుజమున తోడికోడలికి మరల ఆడపిల్ల కలిగినది. ఇప్పుడు మోకాళ్లకు మందు కుదిరి, అత్తగారే మనుమరాలిని చూచుటకు ప్రయాణమగుచున్నారు. నిన్న మమ్ము పిలిచి పట్టిక వ్రాయుమనిరి. ఆవకాయ, గోంగూర, కందిపొడి, అప్పడములు, వడియములు. చివరను "కరివేపాకు" అని వ్రాయించి, కొంత తడవు పెరటివంక చూచి, కొట్టివేయుమనిరి.