మినప చేను నేర్పిన పాఠం

రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీపిండి తెల్లారేసరికి గిన్నె అంచు దాకా పొంగితే మనకెంత సంతోషమో కదండీ! ఆ పొంగు ముఖ్యంగా బాక్టీరియా చలవే. పిండినే తింటూ, తమంతట తామే ఒకటికి రెండు, రెండుకు నాలుగు అవుతాయి. అవి వదిలే గాలికే పిండి పొంగేది. "వైరస్ కూడా అలాంటిదేగా?" అంటారేమో. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ పొరపాటుతోనే మా చిన్నాణ్ణి ఇబ్బంది పెట్టాను.

వాడికి జ్వరం, ముక్కు కారడం, ఒళ్ళు నొప్పులు. మావారు ఊళ్ళో లేరు. అంతకుముందు పెద్దాడి చెవిపోటుకు డాక్టరు రాసిన యాంటీబయాటిక్ బిళ్ళలు, తగ్గింది కదా అని నేను మధ్యలో ఆపేసినవి, అలమరలో ఉన్నాయి. "వెళితే ఇవేగా రాసేది" అనుకుని పూటకొకటి వేశాను. జ్వరం తగ్గలేదు సరికదా, విరేచనాలు పట్టుకున్నాయి. మర్నాడు పరిగెత్తితే డాక్టరుగారు, "ఇది వైరల్ జ్వరమమ్మా. ఈ బిళ్ళ బాక్టీరియాకే గానీ వైరస్‌కు పనిచెయ్యదు. పిల్లాడి పొట్టలోని మంచి బాక్టీరియా మాత్రం పోయింది" అని మెత్తగానే చీవాట్లు పెట్టారు.

ఎందుకు పనిచెయ్యదో తెలిసింది మాత్రం ఆ సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు. పామర్రు దగ్గర మా నాన్నగారి మాగాణిలో, వరి కోతకు ముందు చల్లిన మినుము ఏపుగా ఉండాల్సింది, పసుపు చల్లినట్టు మచ్చలు మచ్చలుగా ఉంది.

"పల్లాకు తెగులమ్మా" అన్నారు నాన్న.

"మందు కొట్టలేదా నాన్నా?"

"మందు తెల్లదోమకేగానీ తెగులుకు లేదమ్మాయ్. అది మొక్క లోపలికి పోయి కూర్చుంది. మొక్కని బతకనిచ్చి దాన్నొక్కదాన్నే చంపే మందు ఎక్కణ్ణించి తేను?" అంటూ తెగులు మొక్కల్ని పీకేస్తున్నారు. ఆ ఏడు మాకు సగం పంట కూడా చేతికి రాలేదు.

పల్లాకు తెగులూ వైరసే! తెల్లదోమ తెగులు మొక్క రసం పీల్చి, మంచి మొక్క మీద వాలి దాన్ని అంటిస్తుంది.

వైరస్ అంటే ఏమీ లేదండీ, ప్రొటీను పొట్లంలో చుట్టిన ఓ చీటీ. తినదు, ఊపిరి పీల్చదు. దాన్ని ఇడ్లీపిండిలో వేసినా ఒకటి రెండు కాలేదు. దానికి బతికున్న కణమే కావాలి. ఎవరో దొంగచాటుగా మన వంటింట్లో ఓ చీటీ పెట్టి పోయారనుకోండి. వంటమనిషి అది మన చీటీయే అనుకుని, మన సరుకులతో, మన పొయ్యి మీద అందులో ఉన్నదే వండుతూ పోతే? కణంలో జరిగేదీ ఇదే. ఆ కణమే వందలు, వేలు వైరస్‌లను తయారుచేస్తుంది. అవి పక్క కణాల మీద పడతాయి.

యాంటీబయాటిక్ బాక్టీరియా గోడనో, దాని సొంత యంత్రాంగాన్నో దెబ్బతీస్తుంది. వైరస్‌కు అలాంటివి లేవు, వాడుకునేది మన కణాన్నే! కొన్ని వైరస్‌లకు వేరే మందులు వచ్చాయి గానీ, అవి యాంటీబయాటిక్స్ కావు.

అసలు వైరస్ సంగతి మొదట బయటపడింది కూడా చేలోనే. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, తెగులు సోకిన పొగాకు రసాన్ని బాక్టీరియా దూరలేని వడపోత గుండా పోనిచ్చాడు. అయినా ఆ రసం మంచి మొక్కలకు తెగులు తెప్పించింది. అంత చిన్నవి మరి! ఫ్లూ వైరస్‌లయితే మిల్లీమీటరు పొడవున పదివేలు వరస కట్టొచ్చు.

అలాగని మినప్పప్పుని చూసి భయపడకండి. ఏ తాళానికి ఆ తాళంచెవే అన్నట్టు, మినుము వైరస్ మన కణాల్లోకి దూరలేదు. డెంగీ వైరస్‌కు మాత్రం దోమ తలుపూ తెరుచుకుంటుంది, మన తలుపూ తెరుచుకుంటుంది.

మరి మన చేతుల్లో ఏముంది? మోసుకొచ్చేదాన్ని ఆపడం ఒకటి. మన బెజవాడ ఎండలకు కూలర్ లేని ఇల్లు తక్కువ. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఆ నిలవ నీళ్ళలోనే. వారానికోసారి పారబోసి, తొట్టి తోమి ఆరబెట్టండి. రెండోది టీకా. దొంగ చీటీ మోసుకొచ్చే పొట్లాన్ని గుర్తుపట్టడం ఒంటికి ముందే నేర్పేది అదే. మన అమ్మమ్మలు 'పెద్దమ్మవారు' అని వణికిన మశూచి 1980కల్లా లోకంలోనే లేకుండా పోయింది. మన దేశం పోలియో నుంచి బయటపడిందని 2014లో ప్రకటించారు. రెండూ టీకాల పుణ్యమే.

మావాడికి నాలుగు రోజుల్లో తగ్గింది. తగ్గించింది నా బిళ్ళలు కాదు, వాడి ఒంట్లోని శక్తే. పిల్లలు మరీ మగతగా ఉన్నా, నీళ్ళు తాగకపోయినా, జ్వరం వదలకపోయినా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. అంతేగానీ, ఒకరికి రాసిన బిళ్ళ ఇంకొకరికి వెయ్యకండి.

ఈ పేజీ పక్కన పెట్టగానే ఓసారి మీ అలమర కూడా వెతకండి. నాలాగే మీరూ నాలుగు బిళ్ళలు దాచి ఉంటారు!