లిఫాఫా

జుమేరాత్ నాడు ఇషా నమాజయ్యాక, ఇంటర్ చదివే మా అమ్మాయితో కలిసి ‘ద టేకింగ్ ఆఫ్ పెల్హమ్ 123’ చూశాను. 1974 నాటి సినిమాను టోనీ స్కాట్ 2009లో మళ్లీ తీశాడు. న్యూయార్క్ భూగర్భ రైల్లో ప్రయాణికుల్ని ఒక ముఠా బందీలుగా పట్టుకుంటుంది. గంటలో కోటి డాలర్లు ఇవ్వాలి. ఆలస్యమైతే నిమిషానికో ప్రాణం.

పాత సినిమాలో ముఠాతో బేరమాడే గార్బర్ పోలీసు అధికారి. కొత్తదాంట్లో డెంజెల్ వాషింగ్టన్ వేసిన గార్బర్ కంట్రోల్ రూమ్ ఉద్యోగి. పైగా రిష్వత్ ఇల్జామ్ మీద విచారణలో ఉన్నవాడు. ముఠా నాయకుడు ఒక కుర్రాడికి తుపాకి గురిపెట్టి, తప్పు ఒప్పుకోమంటాడు. అందరూ వింటుండగా గార్బర్ మైకులో ఇక్రార్ చేస్తాడు: తీసుకున్నానని, పిల్లల కాలేజీ ఫీజుల కోసమని.

“ఆ అబ్బాయి జాన్ కాపాడ్డానికి ఝూట్ చెప్పాడా, నిజంగానే తీసుకున్నాడా అబ్బా?”

నా గొంతు ఎండిపోయింది. తను నర్సరీలో చేరిన ఏడాది, ఒక ప్రెస్‌మీట్‌లో కాగితాలతో పాటు ఇచ్చిన లిఫాఫా నేనూ తీసుకున్నాను. ఫీజు దాంతోనే కట్టాను. మరునాటి వార్తలో రాయాల్సిన ఒక మాట రాయలేదు.

“తీసుకున్నాడు బేటా. ఒకసారి నేనూ తీసుకున్నా.”

నాకెవరూ తుపాకి పెట్టలేదు.

చాలాసేపు ఖామోష్‌గా కూర్చుంది. తర్వాత, “ఎంత అబ్బా?” అంది.

చెప్పాను. అంత మొత్తం ఒక పేదపిల్ల ఫీజుకిచ్చేశాం. సవాబ్ అడిగే హక్ నాకు లేదు. బోఝ్ దిగితే చాలు.