ఎర్రనీళ్ళకి సున్నం దొరకలేదు

రండి, కోటు అక్కడ తగిలించి హీటరు పక్కకొచ్చి కూర్చోండి. బయట మాంట్రియల్ మంచు ఇప్పట్లో ఆగేలా లేదు. టీ కాగేలోగా ఒక ముచ్చట చెబుతాను.

మొన్న మా చిన్నమ్మాయి పురిటిబిడ్డతో ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది. గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీయాలి కదా! పసుపు ఉంది, సున్నం లేదు. పసుపునీళ్ళలో వంటసోడా కలిపితే రంగు నారింజ దాకా వచ్చి ఆగిపోయింది. బట్టల సోడా వేశాక గానీ అసలు ఎరుపు రాలేదు. దిష్టి తీశాక, గిన్నెలో విడిగా మిగిలిన నీళ్ళలో నిమ్మచెక్క పిండాను. మళ్ళీ పసుపు! పెద్దమ్మాయి కొడుకు చూసి, "అమ్మమ్మా, ఎలా?" అంటూ నా కొంగు వదల్లేదు.

ఎరుపు తెచ్చింది సోడాలోని క్షారం, మళ్ళీ పసుపు చేసింది నిమ్మలోని ఆమ్లం. అసలు ఆమ్లమంటే ఏమిటన్న ప్రశ్న దగ్గర మహామహులే తడబడ్డారు. ప్రతి ఆమ్లంలోనూ ప్రాణవాయువు ఉండి తీరుతుందనుకుని, ఫ్రాన్సులో లవోయిజియే దానికి ఆమ్లాన్ని పుట్టించేదన్న పేరు పెట్టాడు. మన పాత పుస్తకాల్లో 'ఆమ్లజని' అదే. 1810లో ఇంగ్లండులో డేవీ, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ప్రాణవాయువు లేనేలేదని తేల్చాడు. నిజానికి ఆ పేరు దక్కాల్సింది ఉదజనికి.

1880లలో స్వీడన్‌లో అర్హీనియస్ ఆ దారి పట్టాడు. నీళ్ళలో ఉదజని అయాన్లు వదిలేది ఆమ్లం, హైడ్రాక్సైడ్ అయాన్లు వదిలేది క్షారం అన్నాడు. సున్నానికి సరిపోయింది. మరి వంటసోడా? దానిలో వదలడానికి హైడ్రాక్సైడే లేదు! 1923లో డెన్మార్కులో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండులో లౌరీ ఎవరికి వారే ఈ ముడి విప్పారు. ప్రోటాన్‌ని, అంటే ఆ ఉదజని అయాన్‌నే, ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం. సోడా నీటి దగ్గర ప్రోటాన్ పుచ్చుకుంటుంది; ఇచ్చేసిన నీరు హైడ్రాక్సైడ్‌గా మిగులుతుంది. వాయనం లాంటిదే సుమండీ, పుచ్చుకునేవాళ్ళు లేకుండా ఇవ్వడం కుదరదు.

నీటి గొప్పతనం ఇక్కడే ఉంది. నిమ్మరసం వస్తే పుచ్చుకుంటుంది, సోడా వస్తే ఇస్తుంది. ఎవరూ రాకపోతే తనలో తానే ఇచ్చిపుచ్చుకుంటుంది. 25 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీటిలో సుమారు 55 కోట్ల అణువుల్లో ఒక్కటి అలా విడిపోయి ఉంటుంది. 1909లో కోపెన్‌హాగన్‌లో సోరెన్‌సెన్ ఇచ్చిన పీహెచ్ అనే ఆమ్లత కొలతలో ఆ నీటి విలువ 7. ఒక్క మెట్టు దిగితే ఆమ్లత పదింతలు.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. మాంట్రియల్ దగ్గర రెండు నదులు కలుస్తాయి. మహాసరస్సుల నుంచి వచ్చే సెయింట్ లారెన్స్, సున్నపురాయి నేలల మీదుగా రావడంతో కాస్త క్షారంగా ఉంటుంది. గ్రానైటు కొండల అడవుల్లోంచి వచ్చే ఒట్టావా నది నీళ్ళు టీ రంగులో ఉంటాయి, వాటిలో సున్నం తక్కువ.

మామూలు వానా కొద్దిగా పులుపే, పీహెచ్ సుమారు 5.6. కారణం గాలిలోని బొగ్గుపులుసు వాయువు. పేరులోనే ఉంది చూశారా! 1970, 80లలో పొగగొట్టాల గంధకం ఆ పులుపుని ఇంకా పెంచింది. సెయింట్ లారెన్స్ తట్టుకుంది. ఉత్తరాన లారెన్షియన్ కొండల్లో, గ్రానైటు మీది ఎన్నో చిన్న సరస్సులు తట్టుకోలేకపోయాయి. ప్రోటాన్లని పుచ్చుకునే సున్నం వాటిలో చాలినంత లేదు. మట్టిలోని అల్యూమినియం కరిగి నీళ్ళలోకి చేరి చేపల మొప్పలు దెబ్బతిన్నాయి. 1991లో కెనడా, అమెరికా ఒప్పందం చేసుకున్నాయి, గంధకం పొగ బాగా తగ్గింది. సరస్సులు మాత్రం నిదానంగా కోలుకుంటున్నాయి, పోయిన సున్నాన్ని రాయి మళ్ళీ కూడబెట్టాలి కదా. అందుకే నా కంటికి ఆమ్లం ఒక్కటే దోషి కాదు. ఎక్కడ పడింది, అక్కడ పుచ్చుకునేది ఎంత ఉంది అన్నది కూడా చూడాలి.

వేసవిలో మనవణ్ణి సరస్సుకీ, నదికీ తీసుకెళ్తాను. పసుపు పులుపుని చూపించలేదు, కనుక ఎర్ర క్యాబేజీ ఉడికించిన నీళ్ళు పట్టుకెళ్తాం. రెండు గ్లాసుల్లో పలచటి నిమ్మరసం చుక్కచుక్కగా వేస్తూ, ఏ నీళ్ళు ఎన్ని చుక్కల దాకా ఓర్చుకున్నాయో వాడే లెక్కపెడతాడు.

టీ పొంగుతోంది, ఉండండి, తెస్తాను.