బొటనవేలి కింద ఆట

పాత వీడియో గేములు మేలా, కొత్తవి మేలా అన్న చర్చ ఎక్కడ మొదలైనా తెరమీది బొమ్మల దగ్గరే ఆగిపోతూ ఉంటుంది. చదరపు చుక్కలతో అల్లిన మేరియో ఒకవైపు, జుట్టు గాలికి కదిలే నేటి కథానాయకుడు మరొకవైపు. బొమ్మల సంగతిలో తీర్పు చెప్పడం తేలిక. నాకు మాత్రం అసలు మార్పు తెరమీద కాక చేతిలో జరిగిందనిపిస్తుంది. ఆట మన చేతిని ఏమడుగుతోంది, ఎంత అడుగుతోంది అని చూస్తే లెక్క వేరుగా తేలుతుంది.

1982లో నింటెండో సంస్థకు చెందిన గున్‌పెయ్ యొకోయ్, 'డాంకీ కాంగ్' అనే చేతి ఆట కోసం కూడిక గుర్తు ఆకారంలో ఒక మీటను రూపొందించాడు. 1983 జులైలో జపానులో విడుదలైన ఫామికాం యంత్రం ఆ మీటనే తన కంట్రోలరుకు తీసుకుంది. ఎడమ బొటనవేలికి నాలుగు దిక్కులు, కుడి బొటనవేలికి రెండు మీటలు, నడుమ ఇంకో రెండు. అంతే! ఆ యంత్రపు నకళ్ళే తొంభైలలో మన ఊళ్ళకు చేరాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ అటు బెంగళూరుకూ ఇటు మద్రాసుకూ అందుబాటులో ఉన్న ఊళ్ళు. మెజెస్టిక్ దగ్గరి నేషనల్ మార్కెట్టులో దొరికేదీ, మద్రాసు బర్మా బజారులో దొరికేదీ ఎవరో ఒకరి సంచిలో ఇటు వచ్చి తీరేది. మదనపల్లెలో మా ఇంటికి వచ్చిన సెట్టు నేషనల్ మార్కెట్టుది. క్యాసెట్టు మీద లక్షల ఆటలని అచ్చు వేసి ఉండేది. లోపల పట్టుమని పది ఆటలే పేర్లు మార్చుకుని తిరుగుతూ ఉండేవి.

కంట్రోలరును మేము రిమోట్ అనేవాళ్ళం. అసలు ఫామికాంలో రెండో రిమోటుకు స్టార్ట్, సెలెక్ట్ మీటలు లేవు. వాటికి బదులు ఒక చిన్న మైకు ఉండేది. మా నకలులో మీటలూ లేవు, మైకూ లేదు. అంటే ఆటను ఆపే అధికారం ఎప్పుడూ మొదటివాడిదే. సెలవులకు వచ్చిన మా బావ మొదటివాడు, నేను రెండోవాణ్ణి. 'కాంట్రా'లో ఒక జలపాతం ఘట్టం వస్తుంది. అక్కడ ఒకడు తొందరపడి పైకెక్కితే తెర అతనితోపాటే పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు చస్తాడు. ఒకరికోసం ఒకరు ఆగక తప్పని ఆట అది. పక్కపక్కనే చాపమీద కూర్చున్నవాళ్ళం కనుక ఆగమని చెప్పడానికి మోచేయి చాలేది.

రిమోట్ చెడిపోతే పుంగనూరుకు పంపేవాళ్ళం. అక్కడ మా మామయ్యకు రేడియో, టీవీ మరమ్మతు దుకాణం ఉండేది. వెనుక మరలు విప్పితే లోపల దాచిందేమీ లేదు. ప్రతి మీట కింద ఒక రబ్బరు బొడిపె, దాని అడుగున నల్లటి కార్బన్ పూత. నొక్కినప్పుడు ఆ పూత పలకమీది రెండు గీతలను కలుపుతుంది. ఒక చిన్న చిప్పు మీటలన్నిటి స్థితినీ ఒకదాని వెనుక ఒకటిగా ఒకే తీగమీద పంపుతుంది. మామయ్య స్పిరిట్‌లో ముంచిన దూదితో గీతలు తుడిచేవాడు. వైరు మెడ దగ్గర తెగితే కోసి, మళ్ళీ సోల్డరింగ్ చేసేవాడు. ఏ పుస్తకమూ చూడకుండా అర్థమయ్యే వస్తువు అది.

తరువాత కాలం మారింది. 1996లో నింటెండో 64 కంట్రోలరు బొటనవేలి కింద అన్నివైపులకూ వంగే ఒక పుల్లను పెట్టింది. 1997లో సోనీ రెండు పుల్లలు పెట్టింది. పాత మీట 'అవునా, కాదా' అని మాత్రమే అడిగేది. పుల్ల 'ఎంత' అని అడగడం మొదలుపెట్టింది. కొంచెం వంచితే నడక, పూర్తిగా వంచితే పరుగు. 2020లో వచ్చిన డ్యువల్‌సెన్స్‌లో విల్లు లాగుతుంటే దాని బిగువు వేలికి తగులుతుంది. ఇది చిన్న సాధన కాదు. అయితే రెండు పుల్లలూ, డజనుకు మించిన మీటలూ ఆడేవాడి పది వేళ్ళూ చురుకుగా ఉన్నాయనే నమ్మకంతో పుట్టినవి.

మామయ్య చేయి ఇప్పుడు అటువంటిది కాదు. పక్షవాతం వచ్చి కుడిచేయి పట్టు తప్పాక దుకాణం మూసి, కుప్పంలో మా దగ్గరే ఉంటున్నాడు. ఒకనాడు పక్కింటి కుర్రవాడు తన కంట్రోలరు తెచ్చాడు. పుల్లను ముట్టుకోకపోయినా ఆటలో బొమ్మ తనంతట తానే పక్కకు జారుతోంది. మామయ్య చెబుతుంటే నేను విప్పాను. లోపల చూసి, "ఇది మన రేడియో వాల్యూమే కద రా!" అన్నాడు. నిజమే. పుల్ల కింద ఉన్నవి రెండు పొటెన్షియోమీటర్లు. రాపిడికి కార్బన్ పట్టీ అరిగితే రేడియోలో గరగరమంటుంది, ఇక్కడ బొమ్మ జారుతుంది. తుడిస్తే కొన్నాళ్ళు పనిచేసింది. మార్చాలంటే పదికి మించిన కాళ్ళను ఒక్కసారిగా కరిగించి పెరకాలి. అయస్కాంతంతో పనిచేసే, రాపిడి లేని పుల్లలు ఇప్పుడు వస్తున్నాయి కానీ ఎక్కువ కంట్రోలర్లలో ఉన్నది ఈ అరిగే రకమే.

ఇంతవరకు చూస్తే పాతదే గెలిచిందనిపిస్తుంది. కానీ ఆ పాత రిమోటు మామయ్యకు ఇప్పుడు ఎందుకూ పనికిరాదు. దాని ఎడమ సగం ఆయనది, కుడి సగం ఆయనది కాదు. 2017లో ఎక్స్‌బాక్స్‌లో 'కోపైలట్' అనే సదుపాయం వచ్చింది. రెండు కంట్రోలర్లు కలిసి ఒకే ఆటగాడిని నడుపుతాయి. మరుసటి ఏడు అదే సంస్థ, చేతులు సరిగా ఆడనివారి కోసం ప్రత్యేకంగా ఒక కంట్రోలరు తెచ్చింది. ఎవరికి వీలైన మీటను వారు దానికి తగిలించుకోవచ్చు. మాకు కోపైలట్ చాలింది. 2019లో విడుదలైన పాత కాంట్రాల సంపుటి పెట్టుకుని, ఆయన ఎడమచేత్తో దిక్కులు చూస్తాడు, నేను ఎగరడం, కాల్చడం చూస్తాను. ఒకప్పుడు రెండు రిమోట్లకు ఇద్దరు సైనికులు. ఇప్పుడు ఇద్దరం కలిసి ఒక్క సైనికుడు.

కనుక నా తీర్పు ఇది. పాతది తనను విప్పి బాగుచేయనిచ్చింది కానీ మనిషి చేతికోసం తాను మారలేదు. కొత్తది మనిషికి తగ్గట్టు మారడం నేర్చింది కానీ తనను బాగుచేయనివ్వడం మరచిపోయింది. బొమ్మలకు ఇంకాస్త మెరుగు దిద్దడం కంటే, ఈ రెండు గుణాలూ ఒకే కంట్రోలరులో కలవడం నాకు ఎక్కువ ముఖ్యం. మామయ్యకు ఈ మీమాంస పట్టదు. జలపాతం దగ్గర నేను మీట నొక్కడం క్షణం ఆలస్యమైతే, "నీకు ఆ రెండో రిమోటే సరిరా" అంటాడు.